రెండు చిట్టాల గోపన్న

కోటి విద్యలూ కూటికొరకే అన్నది లోకోక్తి. ఆ కోటిలో కవిత్వవిద్య కూడా చేరినదే అయినా, దానినే నమ్ముకొన్నవారికి అది కడుపునిండ కూడు పెట్టిన సందర్భాలు మన సాహిత్యచరిత్రలో మిక్కిలి తక్కువ. కనుకనే తెలుగు రచయిత ప్రతి యుగంలోనూ ఒక చేత జీవనోపాధిని, మరొక చేత కలాన్ని పట్టుకొని నడవవలసివచ్చింది. పగలంతా బడిలో పాఠాలు చెప్పి, రాత్రి దీపం ముందు కూర్చుండి కథ వ్రాసుకొనే ఉపాధ్యాయునికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఉద్యోగం రచనకు శత్రువా, మిత్రమా అనే ప్రశ్న అతనికి నిత్యం ఎదురయ్యేదే.

ఈ ప్రశ్న తలచుకొన్నప్పుడు ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున మూడువందల ఏండ్లకు పూర్వం గడచిన ఒక జీవితం స్మరణకు వస్తుంది. అది కంచెర్ల గోపన్న జీవితం. లోకం అతనిని భద్రాచల రామదాసు అని కొలుస్తున్నది. అతని కీర్తన వినని తెలుగు ఇల్లు లేదు. అయితే భక్తుడనే ప్రభలో మరుగుపడిన విషయం ఒకటి గలదు. గోపన్న సర్కారు కొలువు చేసిన కవి. శిస్తు వసూలుచేసి, జమాఖర్చులు వ్రాయించి, హుజూరుకు సొమ్ము పంపవలసిన బాధ్యత మోసిన అధికారి. ఆ కొలువుకూ అతని కవిత్వానికీ గల సంబంధాన్ని గుర్తించకుండా అతని కీర్తనలను పూర్తిగా ఆస్వాదించలేము.

గోపన్న నాటికి తెలుగు కవులు బ్రతికిన మార్గాలు ముఖ్యంగా మూడు. మొదటిది రాజాశ్రయం. శ్రీనాథుడు కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారిగా వెలిగాడు. కావ్యం వ్రాసి ప్రభువుకు అంకితమిచ్చి, ప్రతిఫలంగా ధనమో భూమియో పొందడం ఆనాటి గ్రంథప్రచురణ పద్ధతి. రెండవది పోతన మార్గమని లోకం చెప్పుకొంటుంది. హలం పట్టి పొలం దున్నుకొని, భాగవతాన్ని నరులకు అంకితమివ్వక నారాయణునికే సమర్పించడం. మూడవది కొలువు మార్గం. లెక్కలు వ్రాసుకొనే చేతితోనే పద్యమూ వ్రాయడం. గోపన్న ఈ మూడవ మార్గాన నడచినవాడు.

అతని పుట్టిన ఊరు నేలకొండపల్లి. నేడు అది ఖమ్మం జిల్లాలోనిది. బౌద్ధస్తూపం వలన పురాతత్త్వజ్ఞులకు, రామదాసు వలన సామాన్యులకు ఆ ఊరు తెలుసు. దాశరథి శతకం చివర గోపన్న తన వివరాలు తానే చెప్పుకొన్నాడు. తండ్రి లింగమంత్రి, గోత్రం అత్రిమహర్షిది, ఇంటిపేరు కంచెర్ల. తల్లి కామాంబ అని సంప్రదాయం. రఘునాథ భట్టాచార్యులు అతనికి గురువు. తండ్రి పేరు చివరనున్న మంత్రి శబ్దాన్ని బట్టి అది వ్రాతకోతలు, లౌక్యం తెలిసిన కుటుంబమని ఊహించవచ్చు. ఆ శతకంలోనే అతడు తన్ను కవినని గర్వంగానూ, రామునికి దాసుడనని వినయంగానూ ఒకేచోట చెప్పుకోవడం గమనింపదగినది.

ఆ కాలంలో తెలంగాణ గోలకొండ కుతుబ్‌షాహీల పాలనలో ఉండేది. ఆ ప్రభువులు తెలుగుకు పరాయివారు కారు. ఇబ్రహీం కుతుబ్‌షా మన కవుల నోట మల్కిభరాముడైనాడు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. ఆ రాజ్యంలోని అమీన్‌ఖాన్ అనే అధికారి పొన్నెగంటి తెలగనార్యుని యయాతి చరిత్రకు కృతిభర్త అయినాడు. అచ్చతెలుగు కావ్యాలకు అదే ఆద్యం. అంటే కావ్యం వ్రాసి జీవించదలచిన తెలుగు కవికి గోలకొండలో తలుపులు మూసి లేవు.

1672లో అబుల్ హసన్ కుతుబ్‌షా సింహాసనమెక్కాడు. తానాషా అని ప్రసిద్ధుడు ఇతడే. ఇతని పాలనలో మాదన్న ప్రధాని పదవి చేపట్టాడు. సోదరుడు అక్కన్న అతనికి కుడిభుజమైనాడు. 1677లో శివాజీ గోలకొండకు వచ్చి తానాషాతో ఒప్పందం చేసుకొన్నప్పుడు రాచకార్యాలు నడిపినవాడు మాదన్నయే. ఈ అన్నదమ్ములు గోపన్నకు మేనమామలని ప్రసిద్ధి. వారి పలుకుబడి వలన గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలుదారీ లభించింది. ఉద్యోగం సిఫారసుతో వచ్చినా బాధ్యత మాత్రం సిఫారసుతో తీరేది కాదు.

ఆ బాధ్యత స్వరూపమేమిటో తెలియాలి. గోలకొండ రాజ్యంలో శిస్తు వసూలు చాలవరకు ఒప్పందపు పద్ధతిలో సాగేది. ఇంత ప్రాంతానికి ఇంత సొమ్ము అని నిర్ణయమయ్యేది. దానిని సకాలంలో ఖజానాకు చేర్చడం అధికారి పూచీ. వానలు కురవకపోయినా, పంట పండకపోయినా పూచీ తప్పేది కాదు. బాకీపడిన అధికారిని కొట్టించడం, బంధించడం మామూలే. 17వ శతాబ్ది ఆరంభంలో మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్‌వోల్డ్ ఈ కాఠిన్యాన్ని గురించి వ్రాసిపెట్టాడు. శిస్తుబాకీ కవిని కూడ విడిచేది కాదు. కొండవీటి వైభవం గతించాక శ్రీనాథుడు బొడ్డుపల్లె గుత్తకు తీసుకొని, కృష్ణ పొంగి పంట పోగా, సొమ్ము కట్టలేక శిక్ష అనుభవించాడని చాటువులు చెబుతున్నాయి.

పాల్వంచ పరగణా అడవిసీమ. టేకు, ఇప్ప, తునికి చెట్ల నడుమ కోయల, కొండరెడ్ల గూడేలు. గోదావరిలో కలిసే కిన్నెరసాని. వర్షాకాలం వస్తే దారులు మూసుకుపోయే పల్లెలు. పాల్వంచ గోదావరికి దక్షిణాన ఉన్నది. భద్రగిరి ఆవలి ఒడ్డున ఉన్నది. వంతెన లేని ఆ రోజులలో పడవ ఎక్కనిదే గుట్ట చేరే వీలు లేదు. ఆ గుట్టమీద భద్రిరెడ్డిపాలెం వాసురాలైన పోకల దమ్మక్క రాముని విగ్రహాలను కనుగొని, పందిరి వేసి, తాటిపండు నైవేద్యంగా పెట్టి కొలిచేదని స్థలపురాణం. తహసీలుదారు రాకకు మునుపే ఆ దేవునికి ఒక అడవిబిడ్డ పూజారిణి అయింది. ఈ సంగతిని భద్రాచలం నేటికీ గౌరవంగా చెప్పుకొంటున్నది.

ఈ కొలువులోనున్న గోపన్న కలం ఏమి చేసింది? దాశరథి శతకాన్ని చూడండి. ఉత్పలమాలలు, చంపకమాలలు, సంస్కృత సమాసాల జోరు, వాటి నడుమ తేటతెలుగు నుడికారం. పద్యవిద్యను శ్రద్ధగా నేర్చినవాని రచన అది. ఈ శతకంలోని పద్యాలు తరతరాలుగా మన పిల్లల పాఠాలలో చేరుతూ వచ్చాయి. దానిని అతడు మేనమామలకుగాని, సుల్తానుకుగాని అంకితమివ్వలేదు. ప్రధానమంత్రి బంధువై ఉండి, కృతిభర్తలకు కొదువలేని రాజ్యంలో ఉండి, తన కృతిని రామునికే సమర్పించాడు. ఇందుకు భక్తి మొదటి కారణం. రెండవ కారణం కూడా ఉన్నదని నా తలంపు. నెలజీతమో, వసూలులో భాగమో, ఏదో ఒక రూపాన కొలువు అతనికి అన్నం పెడుతున్నది. కనుక పద్యాన్ని అమ్ముకోవలసిన అక్కర అతనికి లేదు. పోతనకు నాగలి ఏ స్వాతంత్ర్యం ఇచ్చిందంటారో, ఆ స్వాతంత్ర్యాన్ని గోపన్నకు సర్కారు కచేరీ ఇచ్చింది.

ఇంతవరకు ఉద్యోగం కవిత్వానికి మిత్రమే. చిక్కు తరువాత వచ్చింది. పందిరి క్రింద ఉన్న రామునికి గోపన్న గుడి కట్టదలచాడు. ఐతిహ్యం ప్రకారం, వచ్చిన చందాలు చాలక, వసూలైన శిస్తు సొమ్మును హుజూరు అనుమతి లేకుండానే నిర్మాణానికి వెచ్చించాడు. ఆ మొత్తం ఆరు లక్షల వరహాలని జనశ్రుతి. ప్రాకారాలు లేచాయి, గోపురమంటపాలు నిలిచాయి, దేవునికి నగలు అమరాయి. ఖజానాకు చేరవలసిన సొమ్ము మాత్రం చేరలేదు. అంతవరకు గోపన్న దగ్గర రెండు చిట్టాలున్నాయి. ఒకటి సర్కారుది, మరొకటి రామునిది. ఒకదాని జమను మరొకదాని ఖర్చులో వ్రాసిన నాడు అతని జీవితం తలక్రిందులైంది.

ఇక్కడ మనం భక్తిపరవశులమై కన్నుమూసుకోరాదు. ఆ సొమ్ము సుల్తాను స్వార్జితం కాదు. గోపన్న స్వార్జితమూ కాదు. అది పరగణాలోని రైతుల కష్టం. దానిని గుడికి వినియోగించినందుకు భక్తలోకం అతనికి చేతులెత్తి మ్రొక్కింది. ప్రభుత్వం అతనిని బంధించింది. శిక్షను కేవలం మతద్వేషంగా చూపే కథలు కొన్ని ఉన్నాయి. బ్రాహ్మణ ప్రధానిని నియమించుకొన్న సుల్తాను విషయంలో ఆ మాట నిలువదు. బాకీపడిన ఏ అధికారికైనా ఆ రాజ్యంలో పట్టిన గతియే గోపన్నకూ పట్టింది. ప్రధాని మేనల్లుడు కావడం కూడ అతనిని కాపాడలేకపోయింది.

గోలకొండ కోటలో రామదాసు బందిఖానా అని ఒక చీకటి కొట్టును నేటికీ చూపుతారు. దాని గోడమీద దేవతామూర్తులు చెక్కి ఉన్నాయి. అవి అతడు చెక్కినవేనని యాత్రికుల నమ్మకం. అక్కడ అతడు పన్నెండేండ్లు గడిపాడని ప్రసిద్ధి. తానాషా రాజ్యం చేసినది మొత్తం పదిహేనేండ్లు. ఆ లెక్కన గోపన్న కచేరీలో కూర్చున్న కాలం స్వల్పం, చెరలో గడచిన కాలం దీర్ఘం. అతని కీర్తనలలో మిక్కిలి ప్రసిద్ధమైనవి ఆ చెర బాధను చెప్పేవే.

ఈ కీర్తనలను శతకం ప్రక్కన పెట్టి చదవండి. భేదం స్పష్టంగా తెలుస్తుంది. శతకకర్త పండితుడు, కీర్తనకారుడు దెబ్బలు తిన్న మనిషి. సమాసాలు తగ్గాయి, వాడుకమాట వచ్చింది. ఆ మాటలోకి, తెలిసో తెలియకో, తహసీలుదారు కచేరీ నడచి వచ్చింది. ఒక కీర్తనలో అతడు రామునికి ఖర్చుల పట్టీ చదివి వినిపిస్తాడు. ప్రాకారానికి ఇన్ని వరహాలు, భరతుని పచ్చల పతకానికి, శత్రుఘ్నుని మొలత్రాటికి, లక్ష్మణుని ముత్యాల పతకానికి, సీతమ్మ చింతాకు పతకానికి ఇన్నేసి అని పద్దు వెంట పద్దుగా సాగుతుంది ఆ పాట. ఆ నగలు పెట్టుకొని తిరుగుతున్నావు, ఇది ఎవరి సొమ్మనుకొన్నావు, నీ తండ్రి ఇచ్చాడా, నీ మామ పంపాడా అని నిలదీస్తాడు. జమాఖర్చులు వ్రాసి అలవాటైన చేయి తప్ప మరొకటి ఆ పాటను ఆ విధంగా కట్టలేదు. అంత నిలదీసి, చివరకు తిట్టినందుకు కష్టపెట్టుకోవద్దని, దెబ్బలకు ఓర్వలేక నోరు జారానని బ్రతిమాలుకొంటాడు.

మరొక కీర్తనలో సీతమ్మను ఆశ్రయిస్తాడు. రాముడు ఏకాంతంలో ఉన్న వేళ చూచి తన మాట చెవిని వేయమని అడుగుతాడు. ఏ అర్జీ ఎవరి ద్వారా వెళితే దొరవారి చెవికి ఎక్కుతుందో కొలువులో ఉన్నవానికి బాగా తెలుసు. వేరొకచోట, ఎంత పిలిచినా మారుపలకని రాముని మౌనాన్ని ఆక్షేపిస్తాడు. పంపిన విన్నపానికి బదులు రాక ఎదురుచూచే చిన్న ఉద్యోగి వేదన అందులో వినిపిస్తుంది. భక్తిసాహిత్యంలో దేవుని నిందించి వేడుకొనడం కొత్త కాదు. దేవుని ముందు లెక్క పెట్టి, బాకీ తీర్చమని అడగడంలోనే గోపన్న ప్రత్యేకత ఉన్నది.

ఇందులో ఒక నిజాయితీ కూడా ఉన్నది. ఈ పాటలలో అతడు ఖర్చును దాచలేదు. తాను చేయించినవన్నీ చేయించానని ఒప్పుకొన్నాడు. ఎవరి కోసం ఖర్చయినదో వారే బాకీ తీర్చాలని వాదించాడు. కవిగా అతని బలమూ ఇదే. సర్కారు ఎదుట చెల్లని లెక్క పాటలో చెల్లింది.

ఐతిహ్యం ఈ కథను ఒక రసీదుతో ముగించడం మరింత సొగసైన విషయం. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలనే పేర్లతో సేవకుల వేషాన ఒక రాత్రి తానాషా పడకగదికి వెళ్ళి, ఆరు లక్షల వరహాలు కుమ్మరించి, ముట్టినట్టు చీటీ వ్రాయించుకొని, దానిని చెరసాలలో నిద్రిస్తున్న గోపన్న తలవద్ద ఉంచారని జనం చెప్పుకొంటారు. దేవుడు దిగివచ్చినా చెల్లుచీటి తీసుకోక తప్పలేదు. తహసీలుదారు కథ కనుక జనుల ఊహ కూడా కాగితం లేనిదే తృప్తిపడలేదు. విడుదలైన గోపన్న భద్రాద్రి చేరి, శేషజీవితం రామసేవలో గడిపాడని ప్రతీతి. శ్రీరామనవమి కల్యాణానికి తానాషా ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం పెట్టాడని, అది మొదలు ఆ సంప్రదాయం సాగివస్తున్నదని చెబుతారు. నేటికీ ప్రభుత్వం పక్షాన పట్టువస్త్రాలు, తలంబ్రాలు భద్రాచలం వెళుతున్నాయి.

చరిత్ర మాత్రం ఆ పాత్రలను కరుణించలేదు. 1686లో అక్కన్న మాదన్నలు హతులైనారు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైంది. తానాషా దౌలతాబాదులో బందీగా జీవితం ముగించాడు. గోపన్నను చెరలో పెట్టినవాడు తానూ చెరలోనే కన్నుమూశాడు. ప్రధానుల అధికారం పోయింది, సుల్తాను ఖజానా పోయింది, పరగణా లెక్కలు మట్టిలో కలిశాయి. నిలిచినవి గుడి, పాటలు.

ఆ పాటలు నిలిచిన తీరు రచయితలు తెలుసుకోవలసినది. అచ్చుయంత్రం తెలుగునాట అడుగుపెట్టని కాలమది. కృతిభర్త లేడు కనుక వ్రాయసగాండ్రచేత ప్రతులు వ్రాయించి పంచేవారూ లేరు. కీర్తనలను మోసినవి భజనగోష్ఠులు. తాళాలు, చిడతలు చేతబట్టి, శనివారం రాత్రులలో, ఏకాదశి జాగరణలలో, ఊరి రామమందిరాలలో అక్షరం రాని రైతులు వాటిని నోట నోట అందించారు. తరువాతి కాలంలో తూము నరసింహదాసు భద్రాచలంలో సేవాక్రమాన్ని, కీర్తన సంప్రదాయాన్ని పోషించాడు. కావేరీ తీరాన తిరువయ్యారులో కూర్చున్న త్యాగరాజు రామదాసు చెర విడిపించిన సంగతిని తన కృతిలో తలచుకొన్నాడు. ఏ కొలువూ అంగీకరించక ఉంఛవృత్తితో జీవించిన త్యాగరాజు, కొలువులో చేరి చెరపాలైన రామదాసును పూర్వీకునిగా భావించడం ఆలోచింపజేసే విషయం. ఇరువదవ శతాబ్దిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గళం ఆ కీర్తనలను రేడియో, గ్రామఫోను రికార్డుల మీదుగా ఇంటింటికీ చేర్చింది. 1964లో చిత్తూరు నాగయ్య రామదాసు చిత్రాన్ని నిర్మించి ఆ పాత్రను తానే ధరించాడు. ఈ ప్రచారంలో ఒక్క కాసు కూడ గోపన్నకు చేరినది కాదు.

అచ్చుయంత్రం, వారపత్రిక, నవల వచ్చిన తరువాతనైనా రచయిత స్థితి మారినదా? కొంత మారింది; పూర్తిగా మారలేదు. గురజాడ విజయనగర సంస్థానపు కొలువులో ఉండి కన్యాశుల్కం వ్రాశాడు. తొలి నవలాకారులలో వీరేశలింగం, చిలకమర్తి బడిపంతుళ్ళు. వేయిపడగల విశ్వనాథ అధ్యాపకుడు. చివరకు మిగిలేది వ్రాసిన బుచ్చిబాబు ఆకాశవాణి ఉద్యోగి. నవలకు పత్రికలు పారితోషికం ఇచ్చిన రోజులలో కూడా, ఇల్లు గడిపినది చాలమందికి జీతమే. ఆ జీతం వారికి అన్నంతోపాటు అనుభవాన్ని కూడా ఇచ్చింది. కచేరీలో, తరగతిలో, స్టూడియోలో చూచిన మనుషులే వారి కథలలోకి నడచివచ్చారు.

గోపన్న జీవితం మనకు చెప్పేది ఇదే. కొలువు అతని కవిత్వానికి అడ్డుగా నిలువలేదు. అది అతనికి స్వతంత్రంగా వ్రాసే తీరికను, ఎవరి వాకిట నిలువని ధైర్యాన్ని, చివరకు పాట కట్టే పలుకుబడిని సైతం ఇచ్చింది. అతడు మోయలేని బరువు మోసినది, తన ప్రియమైన పనికి కొలువు సొమ్ము తీసినప్పుడే. సమయమైనా, సొమ్మైనా, బడి గంటలైనా ఒకదానికి చెందినది మరొకదానికి మళ్ళించితే, బాకీ ఎక్కడో ఒకచోట తేలుతుంది. తరగతిలో పిల్లల ముందు కూర్చుండి మనస్సులో నవల వ్రాసుకొనే పంతులు పిల్లలకు బాకీపడతాడు. ఇంటికి వచ్చిన తరువాత గూడ బడి తగవులే తలచుకొనేవాడు తన కలానికి బాకీపడతాడు. వారి బాకీ తీర్చడానికి రామోజీ, లక్ష్మోజీలు రారు.

నేలకొండపల్లి నుండి పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే విద్యార్థులు గోదావరి దాటి గుడి చూచినప్పుడు ప్రాకారాలను, గోపురాలను చూడడంతో తృప్తిపడక, ఆ కీర్తనలలోని పద్దులను కూడ ఒకసారి లెక్కపెట్టుకొంటూ వినాలి. పతకాలు, మొలత్రాళ్ళు, వరహాల వెనుక, రెండు చిట్టాలను పొందుపరచలేక అలసిన ఒక ఉద్యోగి గొంతు అందులో వినిపిస్తుంది. దేవునితోనైనా సరే లెక్క తేల్చుకొని తీరుతానన్న ఆ గొంతు మూడు శతాబ్దాలుగా అలయకుండా పాడుతూనే ఉన్నది.